మొహమాటం చెప్పులతో పాటు బయటే వదిలేయండి

కుటుంబంతో కలిసి స్పా రిసార్టుకి వెళ్లడం గురించి సందేహాలుంటే రాయమని పోయిన సంచికలో అడిగాను. చాలా ఉత్తరాలు వచ్చాయి. నేను పందొమ్మిదేళ్లు ఇలాంటి రిసార్టుల్లోనే పనిచేశాను. మొదటి పదకొండేళ్లు మసాజ్ టేబుల్ పక్కన నిలబడి, తర్వాత ఎనిమిదేళ్లు స్పా మేనేజరుగా అతిథుల సమయాలు సర్దుతూ. అతిథుల విశ్రాంతిని పాడుచేసేది ఏమిటని నన్నడిగితే సౌకర్యాల లోటు అనను, మొహమాటం అంటాను. చలేస్తోందని చెప్పరు, నొప్పిగా ఉందని చెప్పరు, కాసేపు ఒంటరిగా ఉండాలని ఉందని అసలే చెప్పరు. ఈ ఉత్తరాలు చదువుతుంటే కూడా అదే కనిపించింది.

ప్రశ్న: మేం ఐదుగురం. నేను, మావారు, అత్తగారు (69 ఏళ్లు), పాప (13), బాబు (4). రెండేళ్లు డబ్బు దాచుకుని ఒక పెద్ద స్పా రిసార్టులో మూడు రాత్రులు బుక్ చేసుకున్నాం. వాళ్లు పంపిన జాబితాలో ఇరవైకి పైగా ట్రీట్‌మెంట్లున్నాయి, అన్నీ బాగున్నట్టే అనిపిస్తున్నాయి. పోయినసారి ఇలాగే ఒకచోటికి వెళ్లి, పొద్దున్నుంచి రాత్రి దాకా ఏదో ఒకటి పెట్టుకుని, ఇంటికొచ్చాక రెండు రోజులు మంచం దిగలేదు. ఈసారి అలా కాకూడదు. పిల్లల్ని తాను చూసుకుంటాను, మీరిద్దరూ హాయిగా తిరగండని అత్తయ్య అంటున్నారు. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి మాట్లాడుకుందాం. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఇలాంటి పెద్దవాళ్లను నేను వందల మందిని చూశాను. పిల్లల కొలను పక్కన కుర్చీలో తువ్వాళ్లు ఒళ్లో పెట్టుకుని, మనవడి మీద నుంచి కళ్లు తిప్పకుండా కూర్చుంటారు. మూడు రోజులూ అదే కుర్చీ. వెళ్లేటప్పుడు ఎలా ఉందమ్మా అని అడిగితే "పిల్లలు ఆనందంగా ఉన్నారు, అదే చాలు" అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ కొడుకూ కోడలూ అంత ఖర్చు పెట్టారని తెలిసి, తమకేమైనా కావాలని అడగడానికి నోరు రాని వాళ్లే ఎక్కువ. మీరు ఆమెను "ఏమైనా చేయించుకుంటారా?" అని అడిగితే వద్దనే అంటారు. అలా అడగకండి. "రెండో రోజు పొద్దున పదింటికి మీకు పాదాల మసాజ్ పెట్టాను, ఆ తర్వాత మధ్యాహ్నం దాకా మీ టైం మీదే, పిల్లలు మా దగ్గరే ఉంటారు" అని చెప్పండి. మొత్తం ఒంటికి మసాజ్ అంటే బట్టలు మార్చుకోవడం దగ్గరే వెనకాడతారు. పాదాలతోనో, తల, భుజాలతోనో మొదలుపెడితే ఒప్పుకుంటారు. ఆమెకు బీపీ, షుగర్, కీళ్ల మార్పిడి లాంటివేమైనా ఉంటే ముందే ఫోన్ చేసి చెప్పండి. మసాజ్ అయ్యాక మాత్రం మీలో ఒకరు గది బయట ఉండండి. అరగంట పైగా పడుకుని ఒక్కసారిగా లేస్తే పెద్దవాళ్లకి కళ్లు తిరుగుతాయి, పైగా అరికాళ్లకి నూనె ఉంటుంది. టేబుల్ అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు తుడిపించుకుని, స్లిప్పర్లు వేసుకున్నాకే లేవమనండి.

ఇక జాబితా. మూడు రాత్రులంటే మీ చేతిలో ఉండేవి రెండు పూర్తి రోజులే. పెద్దవాళ్లకి రోజుకి ఒక్క ట్రీట్‌మెంట్ చాలు, అది కూడా ప్రతిరోజూ ఉండాలనేం లేదు. కాగితం మీద 60 నిమిషాలని రాసి ఉన్నది నిజానికి రెండు గంటల పని. ఇరవై నిమిషాలు ముందు రావాలి, ఫారం నింపాలి, బట్టలు మార్చుకోవాలి. అయ్యాక విశ్రాంతి గదిలో అరగంట పడుకోవాలి, స్నానం చేయాలి. అసలు ఆ చివరి అరగంటే నాకు ముఖ్యమనిపిస్తుంది. ఒంట్లో బిగువు వదిలాక మనసు నెమ్మదించడానికి పట్టే సమయం అది. పోయినసారి మీరు పోగొట్టుకున్నది సరిగ్గా దాన్నే. ఒక మసాజ్ నుంచి లేచి ఇంకో ఫేషియల్‌కి పరుగెత్తిన అతిథుల భుజాలు నా చేతికి ఎలా తగిలేవో నాకింకా గుర్తుంది. అప్పుడే మసాజ్ చేయించుకున్న భుజాల్లా ఉండేవి కావు.

చేరిన రోజు ఏమీ బుక్ చేయకండి. దారిలో ఆలస్యమైతే మీ గంటలోంచే ఆ సమయాన్ని కోస్తారు, ఎందుకంటే మీ వెనక ఇంకొకరి స్లాట్ ఉంటుంది. రిసెప్షన్‌లో నిలబడి గడియారం చూసుకునే ఆ టెన్షన్ మొదటి రోజే వద్దు. పిల్లలతో కొలనులో దిగండి, తొందరగా పడుకోండి. బయల్దేరే రోజు పొద్దున కూడా ఖాళీగా ఉంచుకోండి.

మధ్యలో రెండు రోజులు మీరూ మీవారూ వంతులు వేసుకోండి. ఒకరు లోపల ఉన్నప్పుడు ఇంకొకరు పిల్లల దగ్గర. ఎవరి సమయం వాళ్లకి పూర్తిగా వదిలెయ్యాలి, మధ్యలో ఫోన్ చేసి "బాబు టోపీ ఎక్కడ పెట్టావ్" అని అడగకూడదు. ఇద్దరూ కలిసి గడపడానికి ఒక సాయంత్రం చాలు. ఆ ఒక్క సాయంత్రం పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పండి, ఆవిడా సంతోషిస్తారు.

బాబు విషయంలో ఒకటే గట్టిగా చెబుతాను. వేడి నీళ్ల తొట్టి, అదే హాట్ టబ్, అయిదేళ్లు నిండని పిల్లలకు పనికిరాదు. చిన్న ఒళ్లు పెద్దవాళ్ల కంటే చాలా త్వరగా వేడెక్కుతుంది, ఆ సంగతి వాళ్లు చెప్పలేరు. ఒక్క నిమిషమే కదా అని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. మామూలు కొలనులో కూడా చేతికందే దూరంలో ఒక పెద్ద మనిషి ఉండాలి. మునిగిపోయే పిల్లలు కేకలు వేస్తారని అనుకుంటాం. చాలాసార్లు చప్పుడే ఉండదు.

పాప వయసు వాళ్లను చాలా రిసార్టులు ఆవిరి గదుల వైపు రానివ్వవు. కొన్నిచోట్ల 16, కొన్నిచోట్ల 18 నిబంధన. అక్కడికెళ్లాక తెలిస్తే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది, ఇప్పుడే కనుక్కోండి. మీరు వెళ్లేచోట క్నైప్ బాట ఉందేమో కూడా అడగండి. బవేరియాలో సెబాస్టియన్ క్నైప్ అనే క్రైస్తవ గురువు (1821–1897) చల్లటి నీళ్లతో చేసే చికిత్సలకు పేరుపొందాడు. ఆయన పేరు మీదే చాలా స్పాల్లో మోకాళ్ల లోతు చల్లటి నీళ్లున్న చిన్న కాలువ ఉంటుంది. అందులో కొంగలా నడవాలి. ప్రతి అడుగుకీ కాలు పూర్తిగా నీళ్ల పైకి తీసి మళ్లీ పెట్టాలి. చలి కొరికినట్టు అనిపించగానే బయటికొచ్చి, కాళ్లు వెచ్చబడేదాకా నేల మీద నడవాలి. దిగేముందు పాదాలు వెచ్చగా ఉండాలి. గుండె జబ్బు, కాళ్లలో రక్తప్రసరణ సమస్య ఉన్నవాళ్లు దిగకూడదు. పదమూడేళ్ల పిల్లలు మొదట మూతి ముడుచుకుని నిలబడి, పది నిమిషాల తర్వాత తల్లిని కూడా లోపలికి లాగడం చాలాసార్లు చూశాను.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పెళ్లిరోజుకి నా భార్య ఇద్దరికీ కలిపి మసాజ్ బుక్ చేసింది. నేను ఇంతవరకూ ఎప్పుడూ చేయించుకోలేదు. బట్టలు ఎంతవరకు తీయాలి? థెరపిస్టుతో మాట్లాడాలా, వద్దా? నొప్పి పుడితే ఓర్చుకోవాలా? ఇవి అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

జవాబు: సిగ్గు పడకండి సార్. మొదటిసారి వచ్చే మగవాళ్లలో ఎక్కువమందికి ఉండే సందేహాలే ఇవి. అడగకుండా లోపలికొచ్చేస్తారు, గంటసేపు కర్రలా పడుకుంటారు.

బట్టలు మీకు ఇబ్బంది లేనంతవరకే. లోదుస్తులు ఉంచుకోవచ్చు, కావాలంటే అక్కడే వాడి పారేసేవి ఇస్తారు. మీరు మార్చుకునేటప్పుడు థెరపిస్టు గదిలో ఉండరు. తలుపు తట్టి, మీరు సరేనన్నాకే వస్తారు. ఒంటి మీద ఎప్పుడూ దుప్పటి ఉంటుంది, పనిచేస్తున్న భాగం మాత్రమే తీస్తారు. పొట్ట, తొడలు, తల, ఏ భాగాన్నయినా వద్దని చెప్పే హక్కు మీది. థెరపిస్టు మగవారా, ఆడవారా అన్నది కూడా బుకింగ్ అప్పుడే చెప్పొచ్చు.

మాట్లాడటం మీ ఇష్టం. మీరు మౌనంగా ఉంటే మాకు చిన్నతనమేమీ ఉండదు. నిద్రపోయినా, గురక పెట్టినా ఫరవాలేదు. కొందరికి కళ్లనీళ్లు కూడా వస్తాయి, చాలాకాలంగా బిగబట్టుకున్నదేదో వదిలినట్టు. అలాంటప్పుడు మేం చెయ్యి ఆపి ఒక్క క్షణం అలాగే ఉంచుతాం, ఏమీ అడగం.

నొప్పి దగ్గరికొచ్చేసరికి మాత్రం నా సొంత అనుభవం చెప్పాలి. ఉద్యోగంలో నాకది రెండో ఏడు. ఒక పెద్దాయన గట్టిగా చేసే డీప్ టిష్యూ మసాజ్ తీసుకున్నారు. ఒత్తిడి సరిపోయిందా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "బాగుందమ్మా" అన్నారు. మర్నాడు ఆయన భార్య వచ్చి వీపంతా కమిలిపోయిందని చెప్పింది. ఆయన రక్తం పలచబడే మందు వాడుతున్నారు. ఫారంలో రాయలేదు. నేను ఫారం తీసుకుని పక్కన పెట్టేశాను తప్ప, ఒక్కొక్కటీ నోటితో అడగలేదు. నొప్పెందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు అంత కష్టపడి చేస్తున్నావు, ఎలా ఆపమంటాను" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటినుంచి ఫారం మీద ఏం రాసున్నా మందులు, ఆపరేషన్లు, నొప్పులు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాకే చెయ్యి వేశాను. నా తర్వాత వచ్చినవాళ్లకీ అదే నేర్పాను.

అందుకే మీకు ఒక పద్ధతి చెబుతాను. ఒత్తిడిని పదికి ఇన్ని మార్కులని చెప్పండి. అయిదారు వరకు హాయి. ఏడు దగ్గర "తగ్గించండి" అనండి. ఊపిరి బిగబడుతున్నా, కాలి వేళ్లు ముడుచుకుంటున్నా మీకు తెలియకుండానే ఏడు దాటిందన్నమాట. మొదటిసారి డీప్ టిష్యూ వద్దు, స్వీడిష్ అని రాసినది తీసుకోండి. చేత్తో పొడవుగా నిమరడం, పిసకడం, నెమ్మదిగా తట్టడం అందులో ప్రధానం. 19వ శతాబ్దంలో యోహాన్ మెట్జ్‌గర్ (1838–1909) అనే డచ్ వైద్యుడు వరసగా అమర్చిన పద్ధతులివి, ఇప్పటికీ మేం నేర్చుకునే మొదటి పాఠం అదే.

పక్క టేబుల్ మీద మీ ఆవిడ ఉంటారు కాబట్టి ఒక మాట. ఆవిడకి మాట్లాడాలనుంటే మాట్లాడండి. లేకపోతే ఆ గంట ఆవిడని కూడా వదిలెయ్యండి.

ప్రశ్న: నాన్నగారికి 71. పదిహేనేళ్లుగా షుగర్, బీపీ కూడా ఉంది. స్పా రిసార్టులో ఆయన ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు? హాట్ స్టోన్ మసాజ్ మంచిదని ఎవరో చెప్పారు.

జవాబు: హాట్ స్టోన్ వద్దు. చాలా ఏళ్ల షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. రాయి కాలుతున్నా ఆయనకు తెలియదు, చర్మం కమిలాక మనం చూస్తాం. పాదాలను వేడినీళ్లలో పెట్టడం, మడమల చర్మం బ్లేడుతో గీయడం కూడా ఆ కారణంతోనే మానుకోవాలి. అక్కడ చిన్న గాయమైనా మానడం కష్టం.

హాట్ టబ్, సౌనా (పొడి వేడి గది) గురించి ఆయన డాక్టర్ని అడగందే నిర్ణయించకండి. వేడికి రక్తనాళాలు వెడల్పవుతాయి, బీపీ పడిపోతుంది. బీపీ మాత్రలు కూడా చేసే పని అదే. రెండూ కలిస్తే లేచి నిలబడగానే తూలిపడొచ్చు. ఇన్సులిన్ తీసుకుంటుంటే ఇంకో జాగ్రత్త ఉంది. వేడికి ఇన్సులిన్ ఒంట్లోకి త్వరగా చేరి షుగర్ ఉన్నట్టుండి తగ్గొచ్చు. ఇన్సులిన్‌ని వేడి గదిలోకి తీసుకెళ్లి పెట్టకూడదు కూడా, పాడవుతుంది.

గోరువెచ్చటి కొలనులో నడవడం ఆయనకి బాగుంటుంది. ఛాతీ లోతు నీళ్లలో ఒంటి బరువు చాలావరకు నీళ్లే మోస్తాయి, మోకాళ్లకు తెరిపి. కొలనులోనూ, చుట్టూ గట్టు మీదా వట్టికాళ్లతో తిరగనివ్వకండి, నీళ్లలో వేసుకునే చెప్పులు దొరుకుతాయి. బయటికొచ్చాక పాదాలు మీరే ఒకసారి చూడండి, వేళ్ల మధ్య కూడా. మెత్తటి ఒత్తిడితో భుజాలకు, వీపుకు మసాజ్ చేయించొచ్చు. ఒక కాలి పిక్కలో వాపు, నొప్పి, వేడి ఉంటే మాత్రం మసాజ్ మాట మరిచిపోయి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు.

ప్రశ్న: నాకు అయిదో నెల. అందరితో కలిసి వెళ్తున్నాను. అసలేమీ చేయకూడదంటారా?

జవాబు: హాట్ టబ్, సౌనా, ఆవిరి గది వద్దు. తల్లి ఒంటి వేడి మరీ పెరగడం బిడ్డకు మంచిది కాదు, మొదటి నెలల్లో ఇంకా ప్రమాదం. మామూలు కొలనులో హాయిగా తేలండి. బరువు మోస్తున్న నడుముకి అంతకంటే సుఖం ఉండదు. మసాజ్ కావాలంటే మీ డాక్టర్ సరే అన్నాక, గర్భిణులకు చేయడంలో శిక్షణ ఉన్న థెరపిస్టు ఉన్నారా అని అడగండి. పక్కకు తిప్పి, మోకాళ్ల మధ్య, పొట్ట కింద దిండ్లు పెట్టి చేస్తారు. బోర్లా పడుకోబెట్టరు. అందరూ వేడి గదుల్లోకి వెళ్తే నేనొక్కదాన్నే మిగిలిపోతానని దిగులు పడకండి. వాళ్లలో ఒకరిని మీతో కొలను దగ్గర ఉండమని అడగండి, ఉంటారు.

ప్రశ్న: సౌనా, స్టీమ్ రూం ఒకటేనా? స్పా అనే మాట ఎక్కడిది? మా అబ్బాయి జకూజీ ఎవరో మనిషి పేరంటున్నాడు, నిజమేనా?

జవాబు: అబ్బాయి చెప్పింది నిజమే. జకూజీ అన్నదమ్ములు ఇటలీ నుంచి అమెరికా వెళ్లి కాలిఫోర్నియాలో స్థిరపడినవాళ్లు. మొదట విమానాల ప్రొపెల్లర్లు, తర్వాత బావి పంపులు చేసేవారు. వాళ్లలో కాండిడో జకూజీ కొడుకు కెనెత్‌కి పసితనంలోనే కీళ్లవాతం వచ్చింది. ఆసుపత్రిలో నీటి చికిత్స ఇప్పిస్తే నొప్పి తగ్గేది. అది ఇంట్లోనే దొరకాలని, స్నానపు తొట్టిలో పెట్టి నీళ్లను గట్టిగా చిమ్మించే పంపు ఒకటి తయారుచేశాడు తండ్రి. 1956లో అది అమ్మకానికి వచ్చింది. తొట్టిలోనే గొట్టాలు అమర్చిన రకం 1968లో రాయ్ జకూజీ తెచ్చాడు. ఆ నీళ్లలో దిగినప్పుడల్లా నాకు ఆ తండ్రే గుర్తొస్తాడు. విలాసమని మనం అనుకునేది ఒక పిల్లాడి నొప్పి కోసం మొదలైంది.

స్పా అన్నది బెల్జియంలో ఒక ఊరి పేరు. ఇనుము కలిసిన ఊటనీళ్లకు శతాబ్దాలుగా పేరున్న ఊరు. జనం అక్కడికి నీళ్లు తాగడానికి, స్నానాలకి వెళ్లి వెళ్లి, అలాంటి ప్రతి చోటుకీ ఆ పేరే స్థిరపడింది. లాటిన్‌లో ఏవో మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిందని కొన్ని స్పా గోడల మీద రాసి ఉంటుంది, అది తర్వాత అల్లిన కథ. 2021లో యునెస్కో ఏడు దేశాల్లోని 11 ఊళ్లను యూరప్ గొప్ప స్పా పట్టణాలుగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఈ స్పా ఊరూ ఉంది, ఇంగ్లండ్‌లోని బాత్, జర్మనీలోని బాడెన్-బాడెన్ కూడా ఉన్నాయి.

సౌనా పొడి వేడి, 70 నుంచి 90 డిగ్రీల దాకా ఉంటుంది. స్టీమ్ రూంలో 40 నుంచి 50 డిగ్రీలే, కానీ గాలి నిండా తేమ. చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది, అందుకే తక్కువ వేడి కూడా ఎక్కువనిపిస్తుంది. సౌనాలో పై మెట్టు మీద వేడి ఎక్కువ. మొదటిసారి కింది మెట్టు మీద అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చోండి. ఫిన్లాండ్‌వాళ్లకి ఇది నిత్యజీవితం, వాళ్ల సౌనా సంస్కృతిని 2020లో యునెస్కో గుర్తించింది. వాళ్లను చూసో, పక్కనున్నాయన ఇరవై నిమిషాలు కూర్చున్నాడనో మీరూ పంతానికి పోకండి. తల తేలికైనట్టు అనిపించినా, గుండె దడదడలాడినా ఎవరికీ చెప్పకుండానే లేచి వచ్చేయొచ్చు. మద్యం తీసుకుని మాత్రం వేడి గదిలోకి గానీ, వేడి నీళ్లలోకి గానీ వెళ్లకూడదు.

ప్రశ్న: కొలను, హాట్ టబ్ నీళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది?

జవాబు: అడుగున నీళ్లు పోయే జాలీ స్పష్టంగా కనిపించాలి. అంచుని చేత్తో తడిమితే జారుడుగా, జిగటగా ఉండకూడదు. క్లోరిన్ వాసన ఘాటుగా వస్తే శుభ్రంగా ఉన్నాయని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు పుట్టే పదార్థాల వాసన అది. బాగా చూసుకునే కొలనుకి దాదాపు వాసనే ఉండదు. అందుకే దిగేముందు అందరూ ఒక్క నిమిషమైనా స్నానం చేయాలి.

హాట్ టబ్ దగ్గర రోజువారీ కొలతలు రాసే పుస్తకం ఉంటుంది. చూపించమని అడగండి. క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల భాగాల నీళ్లలో మూడు భాగాలు), నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య, వేడి 40 డిగ్రీలు దాటకుండా ఉండాలి. వేడి నీళ్లలో క్లోరిన్ త్వరగా ఖర్చయిపోతుంది. అది తగ్గితే చర్మం మీద దద్దుర్లు తెచ్చే సూడోమోనాస్, ఊపిరితిత్తులకు సోకే లీజియోనెల్లా లాంటి బాక్టీరియా పెరుగుతాయి. నేను మేనేజరుగా ఉన్నన్నాళ్లూ ఈ పుస్తకం అడిగిన అతిథులు ఏడాదికి పదిమంది కూడా లేరు. అడిగినవాళ్లను చూస్తే నాకు గౌరవం కలిగేది. పుస్తకం చూపించడానికి ఎవరైనా తటపటాయిస్తే ఆ తొట్టిలో దిగకండి.

ప్రశ్న: ఆంటీ, నాకు 14. వచ్చే వారం మేమంతా స్పా రిసార్టుకి వెళ్తున్నాం, పెద్దమ్మ వాళ్లు, బాబాయి వాళ్లు కూడా. నాకు ఈత ఇష్టం. కానీ ఈ ఏడాది నేను లావయ్యాను, వాళ్లందరి ముందు స్విమ్‌సూట్‌లో రావాలంటే భయంగా ఉంది. అమ్మకి చెబితే "ఎవరు చూస్తారే నిన్ను" అంటుంది. కడుపునొప్పి అని గదిలో ఉండిపోదామనుకుంటున్నాను.

జవాబు: అమ్మా, ఉండిపోకు. నీకు ఈత ఇష్టమన్నావు కదా, ముందు దాన్ని కాపాడుకుందాం.

పొడుగు చేతులతో, మోకాళ్ల దాకా ఉండే ఈత దుస్తులు దొరుకుతాయి. ఈతగాళ్లు, ఎండ తగలకూడదనుకునేవాళ్లు ఎంతోమంది అవే వేసుకుంటారు. కాటన్ టీషర్టు మాత్రం వద్దు, నీళ్లు పీల్చుకుని బరువెక్కి కిందికి లాగుతుంది. గదిలో నీకోసం రోబ్, అంటే ఒంటి మీద కప్పుకునే పొడుగాటి గౌను, ఉంటుంది. అది వేసుకునే కొలను దాకా రా, మెట్ల పక్క కుర్చీ మీద పెట్టి దిగు. భుజాల దాకా నీళ్లలో ఉండేసరికి అందరూ తలకాయలే.

ఇంకొకటి. పెద్ద రిసార్టుల్లో కొలను తెరిచిన మొదటి అరగంట దాదాపు ఎవరూ ఉండరు. పందొమ్మిదేళ్లు పొద్దున్నే ఆ తలుపులు తెరిచినదాన్ని కాబట్టి నాకు తెలుసు. అప్పుడు నీళ్లు అద్దంలా ఉంటాయి. అమ్మను ఒక్కదాన్నే లేపి తీసుకెళ్లు. మీ పెద్దమ్మ వాళ్లు లేచేసరికి నీ ఈత అయిపోతుంది.

అమ్మ ఆ మాట నీ భయం పోగొడదామనే అనుంటుంది, కానీ నీకది సరిపోలేదు. కడుపునొప్పి అని చెప్పకు. "నాకు భయంగా ఉంది, నువ్వు నాతో రా" అని చెప్పు. నోటితో చెప్పలేకపోతే ఈ పేజీ మడతపెట్టి ఆమె దిండు కింద పెట్టు.